మూలకముల పట్టిక - మన మంచినీళ్లు



ఎ.కొండూరు ప్రాంతపు తండాలలో మూత్రపిండముల వ్యాధిచే అనేక కుటుంబములు కడగండ్ల పాలైనవి. ఆ సందర్భమున ఫ్లోరైడను మాట పలుమార్లు వినవచ్చినది. ఆ వ్యాధి కదియే కారణమని నిర్ణయింప వలనుగాదు. అయినను "కాచి త్రాగిన నది పోదా?" యని యడుగు నిల్లాండ్రు గలరు. దీనికి సమాధానము మూలకముల పట్టికనుండి మొదలిడుదము.

లోకమందలి వస్తువులన్నియు మూలకములచే నేర్పడినవి. నేటికి 118 మూలకములు గుర్తింపబడినవి. 1869లో రష్యా దేశీయుడగు మెండలీవు నాటికి తెలిసిన 63 మూలకములను బరువుల క్రమమున పేర్చి చూడగా, కొంత దూరమున కొకసారి వెనుకటి గుణములే మరల కానవచ్చెను. మనము పప్పుల నొకచోటను, పోపుదినుసుల నొకచోటను సర్దుకొనునట్లు, అతడు సమానగుణములు గలవానిని ఒక్క వర్గముగ జేర్చెను. తగిన మూలకము దొరకనిచోట గడిని ఖాళీగా విడిచెను. అట్టి గడులలో 1875లో గాలియమును, 1886లో జెర్మేనియమును వచ్చి చేరినవి.

టెల్లూరియముకంటె అయొడిన్ తేలికయైనది. అయినను గుణములనుబట్టి మెండలీవు దానిని టెల్లూరియము తరువాత, క్లోరిన్ వర్గముననే యుంచెను. పరమాణువు నడిమి కేంద్రమందలి ధనావేశముల సంఖ్యయే నిజమైన క్రమమని 1913లో మోస్లీ పరిశోధనలవలన తేలెను. టెల్లూరియమునకు 52, అయొడిన్‌కు 53. మెండలీవు చేసిన పనియే సరియైనది!

నేటి పట్టికయందు అడ్డువరుసలు 7, నిలువువరుసలు 18. పదునేడవ నిలువువరుసలో పైన ఫ్లోరిన్, దాని క్రింద క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ కలవు. వీని పరమాణువుల వెలుపలి పొరలో ఒక్క ఎలక్ట్రాను కొఱవడియుండును. దానిని పరులనుండి గ్రహించుటయే యీ కుటుంబపు స్వభావము. మనము తిను ఉప్పులో క్లోరిన్ సోడియముతో గూడియున్నది. గొంతువాపు రాకుండుటకు ఆ యుప్పులోనే అయొడిన్ లవణమును చేర్చుదురు.

ఫ్లోరిన్ వీరిలో మిక్కిలి చురుకైనది. రాళ్లలోని దాని లవణములు భూగర్భజలమున కరగును. స్వల్పముగ నున్న పండ్లకు మేలు; హెచ్చుగ చిరకాలము త్రాగిన పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. నెల్లూరు మండలమున ఈ బాధను వైద్యులు 1937లోనే ప్రకటించిరి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేఱు నీరు లేనప్పుడు 1.5 వఱకు మాత్రమే సమ్మతము.

కాచుటచే క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. చారు మరిగినకొలది ఉప్పన హెచ్చునట్లు, నీరింకినకొలది అదియు చిక్కనగును. బట్టతో వడకట్టినను ప్రయోజనము లేదు. పటిక, సున్నము వేసి తగ్గించు నల్లగొండ పద్ధతి యున్నది గాని, పరీక్ష లేక ఉజ్జాయింపుగ పటిక వేయరాదు. శరీరమునుండి ఫ్లోరైడును వెడలించునవి మూత్రపిండములే గావున, అవి చెడినవారి యింట నీటి విషయమున మఱింత జాగ్రత్త వలయును.

కావున మీ బోరునీటిని పరీక్షింపించుడు. ఫలితమును అంకెలతో వ్రాయించి తీసికొనుడు. హెచ్చుగ నున్నచో దానిని స్నానమునకు, బట్టలకు మాత్రమే వాడి, త్రాగుటకు, వంటకు వేఱు నీటిని సమకూర్చుకొనుడు.