ఒక స్థలం, రెండు ప్రార్థనలు

గత నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ సభ్యుడొకరు పక్కకు పిలిచి ప్రార్థన కోరారు. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయిన మనిషి. తగరపువలస దగ్గర ఆయనకు 200 గజాల స్థలం ఉంది. భార్యకు గుండె ఆపరేషన్ చేయాలి. స్థలం అమ్మకానికి పెట్టి ఎనిమిది నెలలైంది. వచ్చి చూసి వెళ్లేవారే గాని బయానా ఇచ్చేవారు లేరు. "అయ్యగారూ, ఏదో ఒక ధరకు పోయేలా ప్రార్థన చేయండి" అన్నారు. చేశాం.

ఆ తర్వాతి బుధవారం ఉపవాస కూటం అయ్యాక మరో సహోదరుడు వచ్చారు. "అయ్యగారూ, తగరపువలస దగ్గర మంచి బిట్టు ఒకటుంది. ఓనరు ఇంట్లో ఏదో జబ్బట, డబ్బు అవసరం. ఇంకో నెల ఆగితే మరో మూడు లక్షలు దిగుతాడని ఏజెంటు అంటున్నాడు. దేవుడు ద్వారం తెరుస్తున్నట్టే ఉంది, ప్రార్థన చేయండి." తల వంచబోతూ ఆగిపోయాం. సర్వే నంబరు అడగాల్సిన పని లేకపోయింది. ఆ ఇద్దరూ ప్రతి ఆదివారం ఒకే మందిరంలో నాలుగు వరుసల తేడాతో కూర్చుంటారు.

ఇద్దరి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం. భీమునిపట్నం, ఆనందపురం, మధురవాడ సంఘాల్లో ఇల్లో స్థలమో అమ్మలేక అవస్థపడుతున్న కుటుంబాలు ఒకటీ రెండూ కావు. కొనడానికి ఇదే మంచి తరుణమని చూస్తున్నవారూ అదే సంఘాల్లో ఉన్నారు.

ధరలు ఎందుకు పెరిగాయో గుర్తు చేసుకుంటే ఎందుకు ఆగాయో తెలుస్తుంది. 2019 డిసెంబరు 17న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి శాసనసభలో మూడు రాజధానుల మాట ఎత్తారు. 2020 జులై నెలాఖరుకు అది చట్టమైంది. కార్యనిర్వాహక రాజధాని విశాఖ అనగానే భీమిలి బీచ్ రోడ్డు పొడవునా బ్రోషర్లు మొలిచాయి. మా సహోదరుడు ఆ స్థలం కొన్నది అప్పుడే, రిటైర్మెంట్ డబ్బుతో. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు అమరావతి వైపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారి, రాజధాని అమరావతేనని తేలింది. ఈ నాలుగున్నరేళ్లలో ఆ 200 గజాల్లో ఒక్క ఇటుక పడలేదు, ఒక్క గింజ పండలేదు. స్థలం ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ మాటలే మారాయి.

ఈ ఊరు దెబ్బ తినడం ఇదే మొదటిసారి కాదు. ఓలందులు వర్తకం చేసిన రేవు ఇది, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం. 1933లో విశాఖలో కొత్త హార్బరు ప్రారంభమయ్యాక ఇక్కడి ఓడల వ్యాపారం అటు తరలిపోయింది. 2009లో చిట్టివలస జూట్ మిల్లు మూతపడింది. ఆ రెండుసార్లూ ఊరు చిన్నబోయింది పని పోయినందుకు. ఈసారి పని పోకముందే, అసలు రాకముందే, ధర వచ్చి వెళ్లిపోయింది.

ఇక్కడ మరో మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. 2020లో మన వైపు ధరలు పెరిగిన రోజుల్లోనే అమరావతిలో పడిపోయాయి. 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చిన రైతుల్లో మన విశ్వాసులూ ఉన్నారు. వారు శిబిరాల్లో కూర్చుని ఉండగా మనం ఇక్కడ సాక్ష్యాల్లో "దేవుడు మా స్థలం విలువ రెట్టింపు చేశాడు" అని చెప్పుకున్నాం. ఇప్పుడు ధరలు అటు పెరిగి ఇటు ఆగాయి. ఒక ఊరి నష్టం మరో ఊరికి ఆశీర్వాదంగా ఎలా కనబడిందో అప్పట్లో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు మళ్లీ కొత్త మాట వినబడుతోంది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటరు కడతామని ప్రకటించింది. ఆనందపురం మండలం తర్లువాడ పేరు అందరి నోళ్లలో పడింది. భోగాపురం విమానాశ్రయం సంగతి సరేసరి. ఇవి నిజమైన పెట్టుబడులే, వస్తే సంతోషమే. కాని డేటా సెంటరులో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. అక్కడ పనిచేసే వారందరికీ ఇళ్లు కావాలన్నా ఇప్పటికే వేసిన లేఅవుట్లు చాలు. ఆ ప్రకటన చూపించి చెప్పే ధరకు ఆధారమేమిటో కొనేవారు అడగాలి.

అమ్మేవారి మెడ మీద ఇంకో బరువుంది, అది బ్యాంకు అప్పు. 2022 మే వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. 7 శాతం వడ్డీకి 30 లక్షలు ఇరవై ఏళ్లకు తీసుకున్న కుటుంబం నెలకు దాదాపు 23,260 రూపాయలు కట్టేది. వడ్డీ 9.5కు చేరితే అదే 30 లక్షలకు వడ్డీ ఒక్కటే నెలకు 23,750. అంటే పాత వాయిదా వడ్డీకే చాలదు. వాయిదా పెంచలేనివారికి బ్యాంకులు గడువును ఎంతో కొంత సాగదీశాయి, చాలామంది కాగితం చూసుకోలేదు. 2025 ఫిబ్రవరి నుంచి రెపో రేటు తగ్గుతూ ఆ డిసెంబరుకు 5.25కు వచ్చింది. అప్పు ఉన్నవారు బ్యాంకుకు వెళ్లి తగ్గింపు తమకు అందిందో లేదో, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో అడగండి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు మరో కారణం ఉంది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం నుంచి పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం ఆమోదం తెలిపిన నాటి నుంచి అక్కడివారు దినదిన గండంగా గడుపుతున్నారు. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చినా ఆ బెరుకు పోలేదు. ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియని మనిషి ఇరవై ఏళ్ల అప్పుకు సంతకం పెట్టడు.

మరి తక్కువ ధరకు కొనడం తప్పా? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. తప్పు కాదు. 2020 నాటి ధర పట్టుకుని కూర్చోవడం అమ్మేవారికీ మంచిది కాదు. ఆ ధర ఒక ఊహకు కట్టిన వెల. అది పోయిందని ఒప్పుకోవడం కష్టమే, ఒప్పుకోనందుకు రెండేళ్లుగా వడ్డీలు కడుతున్న కుటుంబాలను మేము చూస్తున్నాం. చుట్టుపక్కల నలుగురు ఎంతకు కొంటున్నారో అంతకు కొనడం న్యాయమే. కాని ఆసుపత్రి బిల్లు ఇంకో మూడు లక్షలు దించే దాకా ఆగడం వేరు. అలా ఆగేవాడు తగ్గించేది స్థలం ధర కాదు, ఎదుటివాడి ఓపిక.

లేవీయకాండము 25వ అధ్యాయం భూమి బేరం గురించే మాట్లాడుతుంది. అమ్మకంలో గాని కొనుగోలులో గాని పొరుగువాడిని నొప్పించరాదన్న ఆజ్ఞ పక్కనే ధర కట్టే పద్ధతీ ఉంది: సునాద సంవత్సరానికి ఇంకా ఎన్ని పంటలు మిగిలాయో లెక్కపెట్టి దాన్ని బట్టి వెల. భూమి ఏమిస్తుందో దానికే ధర, రేపు ఎవరు ఏం ప్రకటిస్తారో దానికి కాదు. సామెతలు 20వ అధ్యాయంలో కొనేవాడి బొమ్మ ఒకటుంది. బేరం జరిగేంతసేపూ సరుకుకు వంకలు పెడతాడు, కొని ఇంటికి వెళ్తూ తన తెలివికి మురిసిపోతాడు. మన ఏజెంట్లకు ఆ వచనం తెలియదు గాని అందులోని విద్య బాగా తెలుసు.

అమ్మేవారికీ బాధ్యత ఉంది. స్థలం 22ఏ నిషేధిత జాబితాలో ఉందని, ఎసైన్డ్ భూమి అని తెలిసి దాచిపెట్టి తోటి విశ్వాసికి అంటగట్టడం దొంగతనానికి తక్కువేమీ కాదు. భీమిలి, మధురవాడ ప్రాంతాల్లో రికార్డుల తారుమారుపై 2017లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ అనుమతి, రెరా నంబరు చూడకుండా బయానా ఇవ్వకండి. రెరా కింద నమోదైన ప్రాజెక్టులో రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా పది శాతానికి మించి అడిగే హక్కు బిల్డరుకు లేదు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం. 20 లక్షల స్థలానికి లక్షన్నర. ఏడాదిలో తిరిగి అమ్ముదామని కొనేవారు ముందు ఆ లక్షన్నర గుర్తుంచుకోవాలి. ఇక కాగితం మీద ఒక ధర, చేతిలో ఒక ధర గురించి ఎక్కువ చెప్పం. అననీయ సప్పీరాలు అమ్మిందీ పొలమే, దాచిందీ వెలలో కొంతే.

ఇప్పుడు మా తప్పు. 2020లో ఒక వెంచరు వారు మందిరం వరండాలో బ్రోషర్లు పంచుకుంటామంటే సరే అన్నాం. ప్రకటనల్లో ఒక మాట కూడా చెప్పాం. సంఘంలోని నాలుగు కుటుంబాలు కొన్నాయి. ఆ లేఅవుట్‌కు అనుమతి రాలేదు, డబ్బూ పూర్తిగా తిరిగి రాలేదు. ఆ వెంచరు వారి మాట కంటే కాపరి నోట వచ్చిన మాట చూసి కొన్నామని ఒక తల్లి మాతో అన్నారు. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది.

ఇలాంటి వెంచర్ల వారికి యిర్మీయా 32వ అధ్యాయం చాలా ఇష్టం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన రోజుల్లో ప్రవక్త అనాతోతులో పొలం కొన్నాడు గనుక మీరూ విశ్వాసంతో కొనండి అంటారు. ఆ అధ్యాయం మొత్తం చదవాలి. అమ్మినవాడు పినతండ్రి కుమారుడు హనమేలు. శత్రువు చేతిలో ఉన్న పొలానికి అంతకంటే చెడ్డ మార్కెట్ ఉండదు. 17 తులముల వెండి ఎక్కువో తక్కువో పండితులు వాదించుకుంటారు గాని, యిర్మీయా బేరమాడినట్టు ఎక్కడా లేదు. వెండి తూచాడు, సాక్షులతో సంతకాలు పెట్టించాడు, ముద్ర వేసిన పత్రాన్నీ వేయని పత్రాన్నీ బారూకు చేత మట్టికుండలో భద్రం చేయించాడు. చెర డెబ్బై ఏళ్లని ప్రకటించినవాడు ఆయనే. ఆ పొలం మీద తాను లాభం చూడనని తెలిసే కొన్నాడు.

ఈ నెల నుంచి మా సంఘంలో స్థలాల, ఫ్లాట్ల ప్రకటనలు వేదిక మీద నుంచి ఉండవు. వరండాలో బ్రోషర్లూ ఉండవు. అమ్మాలనుకునేవారికి కాగితాలు చూసిపెట్టడానికి సంఘంలోని ఒక న్యాయవాది, ఒక రిటైర్డు రెవెన్యూ ఉద్యోగి నెలలో మొదటి శనివారం కూర్చుంటామన్నారు. కమీషను ఉండదు.

ఆ బుధవారం కొనబోయే సహోదరుడికి ఓనరు పేరు మేము చెప్పలేదు. ఏజెంటును పక్కనబెట్టి ఓనరును మీరే స్వయంగా కలవండి అన్నాం. కలిశారు. రెండు వారాల తర్వాత ఆసుపత్రిలో కట్టాల్సిన డబ్బు బయానాగా బ్యాంకు ద్వారా వేశారు. ధర ఎంతకు తెగిందో మేము అడగలేదు. ఆపరేషన్ తేదీ ఖరారైంది. రిజిస్ట్రేషన్ మాత్రం ఇంకా కాలేదు, లింకు డాక్యుమెంటు ఒకటి దొరకాల్సి ఉంది.