తలుపు తీస్తే గోడ

మా నాన్నగారి పద్యాలు చాలా ఏళ్లు ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. ఆయన సంవత్సరీకం నాటికి వాటిని చిన్న పుస్తకంగా వేయిద్దామని చెల్లెలూ నేనూ అనుకున్నాం. చెల్లెలిది రేపల్లె. మా పాతిల్లూ అక్కడే ఉండేది, ఇప్పుడు లేదు. "అట్టమీద మన వీధిగుమ్మం ఉండాలన్నయ్యా, అందులోంచి నాన్న కనిపించాలి" అంది.

గుమ్మం బొమ్మ బాపట్లలో నా శిష్యుడొకడు కంప్యూటరు మీద గీసిచ్చాడు. నాన్నగారి ఫోటోని దాని వెనక్కి జరపడమేగా, దానికింకొకరెందుకని తెనాలిలో మా ఇంట్లో నేనే కూర్చున్నాను. ఛందస్సు చెప్పేవాడికి ఇదొక లెక్కా!

ఆ బొమ్మ వెక్టారు బొమ్మట. ఫోటోలాగా చుక్కల పోగు కాదు. గీతలూ, వంపులూ, వాటి మధ్య రంగూ. గోడంత పెంచినా మసకబారదు. దాన్ని దిద్దడానికి ఇంక్‌స్కేప్ అని 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాధనం ఒకటుంది.

ఫోటోని వెనక్కి జరిపాను. నాన్నగారు మాయమైపోయారు! గుమ్మంలో కనిపిస్తున్న తెలుపు ఖాళీ కాదు, తెల్లరంగు. కాగితమూ తెలుపే గనక కనిపెట్టలేకపోయాను. ఒపాసిటీ అనే మాట కనిపిస్తే దాన్ని తగ్గించాను. బొమ్మంతా ఒకే గుంపుగా కట్టి ఉండటంతో ఇల్లంతా వెలిసిపోయింది. "ఇంటికి పొగమంచు పట్టిందేమిటండీ?" అంది మా ఆవిడ.

కట్టు విప్పి, తెల్లతలుపు ఒక్కటే పట్టుకుని తీసేశాను. తలుపు పోయింది, వెనక గోడ వచ్చింది! మావాడు గోడంతా ఒకే పలకగా గీసి, దానిమీద తలుపు అతికించాడు మరి.

మర్నాడు బాపట్లలో వాణ్ణి పట్టుకున్నాను. "మాస్టారూ, సున్న ఎలా రాస్తారు?" అన్నాడు. ఇన్నేళ్లు పాఠం చెప్పాక ఈ ప్రశ్న! కంప్యూటరు అక్షరాల్లో సున్నకు గీతలు రెండట: బయటి గుండ్రం, లోపలి గుండ్రం. సిరా ఆ రెంటి మధ్యనే. లోపల తెల్లరంగు వేయరు, ఏమీ వేయరు. అందుకే పసుపు కాగితం మీద సున్న నడుమ పసుపే కనిపిస్తుంది. గోడనీ అలా సున్న చేయాలి.

పని చూస్తే ఇంతే. గోడ కింద, దానిమీద తలుపు. రెంటినీ కలిపి పట్టుకుని, పాత్ అనే పట్టీలో డిఫరెన్స్ అన్నది నొక్కాలి. పైనున్న ఆకారం కత్తిలా కింది దాన్ని తొలిచి, తాను మాయమవుతుంది. తలుపు పోయింది, ఈసారి గోడలో కన్నం మిగిలింది. అందులోంచి పైపంచె సవరించుకుంటూ నాన్నగారు.

కాసేపు చెయ్యి ఆడలేదు నాకు.

ప్రెస్సువాళ్లు ఫోటో తామే అమర్చుకుంటామని గుమ్మం బొమ్మ ఒక్కటీ అడిగారు. నేను జేపీజీగా పంపాను. మళ్లీ తెల్లతలుపు మూసుకుంది! జేపీజీలో పారదర్శకతకు చోటే లేదట. ఖాళీ ఉన్నచోట ఏదో ఒక రంగు నిండి తీరుతుంది. పీఎన్జీగా పంపితే కన్నం కన్నంలాగే వెళ్లింది. వెళ్లేముందు వెనకాల ఒక ఎర్రని పలక పెట్టి చూసుకున్నాను. గుమ్మంలో ఎరుపు కనిపిస్తే దారి తెరిచి ఉన్నట్టే.

అచ్చుకి ముందు నమూనా పట్టుకుని రేపల్లె బండి ఎక్కాను. చెల్లెలు చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. తరవాత, "గడపకి పసుపేదన్నయ్యా?" అంది.

తిరిగొచ్చి గడపమీద ఒక పసుపు పట్టీ గీశాను. చెక్క చారలు కనిపించేటట్టు ఆ ఒక్క పట్టీకే ఒపాసిటీ అరవైకి దించాను.