నాచు డీజిల్ సరే, మన మట్టి ఖనిజాల సంగతేంటి?



మురుగునీటిలో నాచు పెంచి డీజిల్ తీసే వీడియో పైన ఉంది. విషయం మంచిదే, తప్పకుండా చూడండి. కానీ అందులో రైతుకు సంబంధించిన అసలు మాట ఒకటి మిగిలిపోయింది.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. లోతు తక్కువ ఉన్న గుంటల్లో మురుగునీటిని చక్రాలతో నెమ్మదిగా తిప్పుతారు. ఎండకు నాచు పెరుగుతూ ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మురికిని కుళ్ళబెడుతుంది. అప్పుడు విడుదలయ్యే నత్రజని, భాస్వరం నాచుకు తిండి. 1950లలోనే కాలిఫోర్నియాలో ప్రొఫెసర్ విలియం ఆస్వాల్డ్ ఈ పద్ధతి మీద పనిచేశారు.

ఇక డీజిల్. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు దీనిమీద పరిశోధన చేయించింది. చివరికి తేలిందేంటంటే, మామూలు డీజిల్ కంటే ఖర్చు బాగా ఎక్కువ. నీళ్ళలోంచి నాచును వేరుచేసి ఆరబెట్టడానికే బోలెడు ఖర్చు. కాబట్టి నీటి శుద్ధి అసలు పని, ఇంధనం పైన వచ్చే లాభం అనుకుంటేనే లెక్క కుదురుతుంది.

ఇప్పుడు మన మాటకొద్దాం. ఆ మురుగులోకి భాస్వరం ఎక్కడినుంచి వచ్చింది? సబ్బుల నుంచి కొంత. ఎక్కువ భాగం మనం పండించి పంపిన తిండి నుంచే. 100 గ్రాముల రాగుల్లో 340 మి.గ్రా. పైనే కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో 10 మి.గ్రా. దగ్గరే. రాగులైనా నువ్వులైనా మునగాకైనా, వాటిలోని ఖనిజాలు మన మట్టిలోంచి పోయినవే. నత్రజనిని గాలిలోంచి పప్పుజాతి పంటలు తెచ్చిపెడతాయి. భాస్వరం, కాల్షియం, జింకు అలా రావు. జీవామృతం మట్టిలో ఉన్నదాన్ని మొక్కకు అందిస్తుంది గానీ లేనిదాన్ని పుట్టించదు. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి.

అలాగని నగరం మురుగును తెచ్చి పొలంలో పోయమనడం లేదు. హైదరాబాద్ దిగువన మూసీ వెంట మురుగునీటితో గడ్డి పెంచి గేదెలకు వేయడం మనకు తెలిసిందే. ఫ్యాక్టరీ నీళ్ళు కలిస్తే సీసం, కాడ్మియం లాంటివి రావచ్చు. నాచు వాటినీ పీల్చుకుంటుంది. అలాంటి నాచు గానీ, దాని పిప్పి గానీ పొలం గట్టు కూడా తొక్కకూడదు.

నేననేది ఒక్కటే. ఇళ్ళ మురుగులో ఫ్యాక్టరీ నీళ్ళు కలవనీయకూడదు. ఆ నాచు నుంచి గ్యాసో నూనో నగరమే వాడుకోనీ. మిగిలిన పిప్పిని పరీక్ష చేయించి, బాగుంటే పొలాలకు తిరిగి పంపాలి. మట్టి నుంచి పోయింది మట్టికి రావాలి కదా!

అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. గడ్డి తగలబెట్టొద్దు. పొట్టు, తవుడు, పేడ ఊరు దాటనీయొద్దు. మట్టి పరీక్ష చేయించండి. ఏ ఖనిజం తగ్గిందో మీ అనుభవం కింద రాయండి, అందరికీ ఉపయోగపడుతుంది.