అరువు జెండా కింద పరుగు

తన దేశాన్ని విడిచి పరాయి దేశపు జెండా కింద పోటీకి దిగే క్రీడాకారుణ్ణి దేశద్రోహి అని నిందించేవారు కొందరు. అది అతని సొంత వ్యవహారం, మనకు ప్రసక్తి లేదనేవారు మరికొందరు. ఈ రెండు వాదనలూ అసలు విషయాన్ని మరుగుపరుస్తున్నాయని మా అభిప్రాయం. దేశం మారిన క్రీడాకారుడు ముందుగా ఒక శ్రామికుడు; తన దేహశక్తిని అమ్ముకొని బ్రతుకుతున్నవాడు. ఏ షరతులపై అమ్ముకున్నాడు? ఆ షరతులను రద్దుచేసే అధికారం ఎవరి చేతిలో ఉన్నది? కార్మికోద్యమం అడగవలసిన ప్రశ్నలు ఇవే.

కెన్యా దేశపు రిఫ్ట్ లోయ ప్రాంతాన్ని చూడండి. దూరపు పరుగులలో ప్రపంచ విజేతలుగా నిలిచినవారు ఎందరో అక్కడి పల్లెల నుంచి వచ్చారు. అయితే ఒలింపిక్ క్రీడలలో ఒక్కొక్క పరుగుకు ఒక దేశం నుంచి ముగ్గురికి మించి అనుమతి లేదు. మరొక దేశంలో ప్రథముడు కాగల యువకుడు అక్కడ నాలుగవవాడై ఇంట కూర్చుంటాడు. పరుగుతో సంపాదించగల కాలమూ స్వల్పమే. మోకాలు దెబ్బతింటే అదీ ముగుస్తుంది. ఆ తరువాత పింఛను లేదు, ప్రావిడెంట్ ఫండ్ లేదు. ఈ స్థితిలో చమురు సంపదగల రాజ్యమొకటి నెలజీతంతో గుమ్మం ముందు నిలిస్తే కాదనగల ధైర్యం ఎందరికి ఉంటుంది?

2003 ఆగస్టులో స్టీఫెన్ చెరోనో అనే కెన్యా యువకుడు సైఫ్ సయీద్ షహీన్ అనే కొత్త పేరుతో ఖతార్ పౌరుడయ్యాడు. అతనికి జీవితాంతం నెలకు వెయ్యి డాలర్ల భత్యం లభిస్తుందని ఆనాటి పత్రికలు రాశాయి. ఆ నెలలోనే పారిస్ ప్రపంచ పోటీలలో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ పరుగులో ఖతార్‌కు బంగారు పతకం సాధించాడు. మరుసటి ఏడు ఏథెన్స్ ఒలింపిక్స్ కోసం నిరీక్షణ గడువును సడలించడానికి కెన్యా నిరాకరించింది. ఆ ఏడే బ్రస్సెల్స్‌లో 7 నిమిషాల 53.63 సెకన్లలో అతడు నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2023 వరకు నిలిచింది. 2008లో గాయం అడ్డుపడింది. అంతటి వీరుడు ఒక్క ఒలింపిక్ పరుగులోనూ పాల్గొనకుండానే విరమించాడు.

ఇంతకన్నా కఠినమైన ఉదంతం లియోనార్డ్ ముచేరుది. 2003లో అతడు ముషీర్ సలేం జవహర్ పేరుతో బహ్రెయిన్ పౌరసత్వం స్వీకరించాడు. 2007 జనవరిలో ఇజ్రాయెల్‌లోని టైబీరియస్ మారథాన్‌లో పాల్గొని గెలిచాడు. వెంటనే బహ్రెయిన్ అధికారులు అతని పౌరసత్వాన్ని రద్దుచేసినట్లు ప్రకటించారు. ఇజ్రాయెల్ పట్ల అరబ్బు దేశాల వైఖరి ఇక్కడ మా చర్చనీయాంశం కాదు. ఒక మనిషి పౌరసత్వం ఒక్క ప్రకటనతో పోవడమే మమ్మల్ని కలవరపరచినది. రెండు దేశాల పౌరసత్వానికి కెన్యా చట్టం ఆనాడు తావివ్వలేదు. 2010 రాజ్యాంగంతోనే ఆ అవకాశం వచ్చింది. ఇటు విడిచిన దేశం, అటు విడిచిపెట్టిన దేశం! ఒప్పందంగా ఇచ్చిన పౌరసత్వాన్ని ఒప్పందం వలెనే చించివేయవచ్చునని ఈ ఉదంతం చాటుతున్నది.

ఈ విషయం మన పాఠకులకు దూరమైనది కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన సోదరులు అక్కడ భవనాలు కట్టారు, రోడ్లు వేశారు. బహ్రెయిన్ చట్టం ప్రకారం అరబ్బు కాని విదేశీయుడు పౌరసత్వం కోరాలంటే 25 సంవత్సరాలు నివసించి ఉండాలి. ఖతార్ చట్టమూ విదేశీయునికి 25 సంవత్సరాల నివాసాన్నే నిర్ణయించింది. పతకం తేగల కాళ్లకు లేని గడువు ఇటుకలు మోసిన భుజాలకు ఎందుకు? కొన్నవాని దృష్టిలో ఆ ఇద్దరూ అవసరం తీరేవరకు పనికివచ్చే చేతులూ కాళ్లూ మాత్రమే. మేస్త్రీ, పరుగువీరుడు ఒకే బడిలో పాఠం నేర్చుకుంటున్నారు.

దేశం మారడమే తప్పని మేము అనడం లేదు. విల్సన్ కిప్‌కెటర్ 1990లో విద్యార్థిగా డెన్మార్క్ వెళ్లి, అక్కడే స్థిరపడ్డాడు. పౌరసత్వం చేతికి రానందువల్ల 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. మరుసటి సంవత్సరం 800 మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఒక నేలపై జీవించి, ఆ నేలను తనదనుకున్న మనిషిని ఎవరు తప్పుపట్టగలరు? వలసపోయే హక్కు శ్రామికుని హక్కు. దానిని మేము ఎన్నడూ వదులుకోము.

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2017లో దేశ మార్పిడులను నిలిపివేసి, 2018లో కొత్త నియమాలు తెచ్చింది. మూడేళ్ల నిరీక్షణ, కనీసం 20 ఏళ్ల వయస్సు, ఒక్కసారికే మార్పు, పౌరసత్వపు పూర్తి హక్కులు కల్పిస్తున్నట్లు రుజువు అనేవి అందులో ముఖ్యమైనవి. ఇవి ఆహ్వానించదగినవే. కాని గాయపడిన నాడు వైద్యం ఎవరిది? పరుగు ముగిసిన నాడు జీవనభృతి ఎవరిది? రద్దు ఉత్తర్వు వస్తే విచారణ ఎక్కడ? వీటికి సమాధానం కావాలి.

అసాధ్యమనేవారికి ఒక్కమాట. ఖతార్‌లోని వలస కార్మికుల దుస్థితిపై 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశంలో కార్మిక ప్రతినిధులు ఫిర్యాదు దాఖలు చేశారు. 2020 నాటికి యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పిస్తూ ఖతార్ చట్టాన్ని సవరించవలసి వచ్చింది. అమలులో లోపాలు ఉన్నవి. అయినా కదలనిదనుకున్న బండ కదిలింది. అదే బలాన్ని క్రీడాశ్రామికుల పక్షాన కూడా వినియోగించాలి. లిఖితపూర్వక ఒప్పందం, గాయానికి పరిహారం, విచారణ లేకుండా పౌరసత్వం రద్దుచేయరాదన్న హామీ — ఈ మూడు కోర్కెలను కార్మిక సంఘాలు తమ కోర్కెల పత్రంలో చేర్చుకోవాలని విజ్ఞప్తి చేస్తున్నాము. పతకాల పట్టికలో దేశాల పేర్లు లెక్కించేవారు ఎందరో ఉన్నారు. పరిగెత్తినవాడు రేపు ఏమి తింటాడని అడగవలసినవాళ్లం మనమే.