పిసుకు, నులుము, అద్దు

దసరా సెలవుల్లో రెండు మూడేళ్ల పిల్లలకు అంగట్లో కిట్లు కొనడమెందుకు? చపాతీ పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద, నాలుగు బంతిపూలు చాలు. ముద్ద పిసకనివ్వండి, పూరేకులు దూసి దానికి అద్దనివ్వండి. గింజలు, పూసలు మాత్రం వద్దు, ముక్కులో దూర్చుకుంటారు. పక్కన కూర్చుని తెలుగులోనే మాట్లాడండి: పిసుకు, నులుము, గిల్లు, అద్దు. చెన్నై, బెంగళూరు, ముంబయి వీధుల్లో ఈ మాటలు చెవిన పడేది తక్కువ, వాచకంలోనూ అంతే. ఒకటో తరగతికి వచ్చినవాళ్లకు అక్షరాలు మేం దిద్దించగలం. ‘నులుము’ అంటే ఏమిటో మాత్రం చేత్తో చేసి చూపాల్సి వస్తోంది. ఇంగ్లిషులో రంగుల పేర్లు వల్లె వేయించే పట్టుదలలో సగం దీనికి చాలు. కొలువు పెట్టే ఇళ్లలో ఆ వంకరటింకర పిల్లిబొమ్మకు కింది మెట్టు మీద చోటివ్వండి.