గుడారం ముంగిట కాఫీ

సెలవులు రాగానే కుటుంబ సమేతంగా అరకు కొండలకో, సముద్ర తీరానికో వెళ్ళి, గుడారం వేసుకుని ఒక రాత్రి గడిపి రావడం ఇప్పుడు మన ఇళ్ళలోనూ కనిపిస్తున్నది. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మనవారు చలికాలపు సెలవు దినాల్లో పిల్లలతో ఎడారికి వెళ్తుంటారు. అక్కడ కరెంటు ఉండదు. మిక్సీ తిరగదు, కెటిల్ వేడెక్కదు. అందుచేత చాలామంది ఇన్‌స్టంట్ పొడితో సరిపెట్టుకుంటారు. ఆ అవసరం లేదు. కాఫీ వయస్సు కరెంటు వయస్సు కంటే ఎన్నో శతాబ్దాలు ఎక్కువ.

15వ శతాబ్దంలో యెమన్ దేశపు సూఫీలు రాత్రి వేళ జిక్ర్‌లో నిద్ర రాకుండా ఉండేందుకు ఈ పానీయాన్ని సేవించేవారు. అరబ్బులు దీనిని ఖహ్వా అన్నారు; కాఫీ అనే మాట అందులో నుంచి వచ్చినదే. 1511లో మక్కా అధికారి ఒకరు దీనిని నిషేధించారు గాని, ఆ నిషేధం ఎంతో కాలం నిలువలేదు. హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని మన దేశంలో ప్రసిద్ధమైన గాథ. ఈ చరిత్రలో అత్యధిక భాగం కట్టెల పొయ్యి మీద, బొగ్గుల కుంపటి మీద నడిచినదే.

మన ఇళ్ళలోని ఇత్తడి లేదా స్టీలు ఫిల్టరుకు కరెంటుతో పని లేదు. ప్రయాణానికి ఇంతకంటే అనువైన సాధనం మరొకటి కనబడదు. పొడి ఎంత తాజాగా ఉంటే పరిమళం అంత నిలుస్తుంది. కాబట్టి బయలుదేరే రోజునే పొడి పట్టించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. చేతితో తిప్పే చిన్న మర ఉంటే గింజలే తీసుకుపోవచ్చు.

నలుగురికి 40 గ్రాముల పొడి, అంటే ఆరేడు పెద్ద చెంచాలు చాలును. దానిని పై గిన్నెలో సమంగా పరచి, బిళ్లతో మెల్లగా అదమాలి. గట్టిగా నొక్కితే నీరు దిగదు. పావు లీటరు నీటిని బాగా మరిగించి, దించి, అర నిమిషం ఆగాలి. ముందుగా పొడి తడిసేటంత నీరు మాత్రం పోసి, మరో అర నిమిషం తరువాత మిగిలినది పోయాలి. పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీటిని పీల్చుకుంటుంది గనుక, మనకు దక్కే డికాక్షన్ 170 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఫిల్టరుకు ఒక మందపాటి గుడ్డ చుడితే చలిగాలికి చల్లారదు. డికాక్షన్‌ను మళ్ళీ మరిగించరాదు, చేదెక్కుతుంది. పాలను మాత్రమే కాచి కలపాలి.

కొండ మీద ఒక విశేషం ఉన్నది. ఎత్తు పెరిగే కొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ నీరు 97 డిగ్రీల దగ్గర మరుగుతుంది గనుక దించిన వెంటనే పోయవచ్చు.

ఫిల్టరు మరచిపోయినా చింత లేదు. మరిగిన నీటిని దించి, పొడి వేసి, మూతపెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచి, శుభ్రమైన పలుచటి గుడ్డతో వడకట్టుకోవాలి.

ఎడారి అరబ్బుల పద్ధతి వేరు. గింజలను ఇనుప పెనం మీద లేతగా వేయించి, రోట్లో దంచి, నీటిలో మరిగించి, ఏలకులు చేర్చి, దల్లా అనే పొడుగు ముక్కు పాత్రలో నుంచి చిన్న పింగాణీ గిన్నెల్లో పోస్తారు. పాలు, చక్కెర ఉండవు, ఖర్జూరాలే తీపి. గిన్నె నిండా పోయరు, పావు వంతే పోస్తారు. చాలుననుకున్న అతిథి ఖాళీ గిన్నెను కొద్దిగా ఊపుతాడు. 2015లో యునెస్కో ఈ ఆచారాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అరబ్బు మజ్లిస్‌లో కాఫీ కాచి పోసేది సంప్రదాయంగా పురుషులే. విహారానికి వెళ్ళిన చోట కూడా పొయ్యి భారమంతా ఇల్లాలి మీదనే మోపే మన సోదరులు ఈ సంగతిని గమనించగలరు.

ఇక అసలు హెచ్చరిక నిప్పును గురించి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. అనుమతి ఉన్న చోట కూడా ఎండుటాకులు తొలగించి, గాలికి చాటు చూసి, చిన్న పొయ్యి పెట్టుకోవాలి. వాగులో నుంచి తీసిన తడి రాళ్ళు వేడికి పగిలి ఎగిరిపడతాయి. పొయ్యికి పొడి రాళ్ళే వాడాలి.

అంతకు మించిన ప్రమాదం గుడారం లోపల పొంచి ఉంటుంది. కాఫీ తాగడం అయిన తరువాత, ఎర్రగా ఉన్న బొగ్గుల కుంపటిని చలికి కాపుగా గుడారంలో పెట్టుకుని పడుకునేవారు ఉన్నారు. పొగ లేదు గదా, భయమేమని వారి ధీమా. కాని ఆ బొగ్గుల నుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతూనే ఉంటుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులైనా తెలియవు. కుటుంబమంతా పడుకున్న చోటనే ప్రాణాలు విడిచే ప్రమాదం ఉన్నది. గల్ఫ్ దేశాల పౌర రక్షణ శాఖలు ప్రతి చలికాలం ఈ విషయమై హెచ్చరిస్తూనే ఉంటాయి. గ్యాసు పొయ్యి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎవరికైనా మగతగా ఉంటే తక్షణం బయటి గాలిలోకి తీసుకురావాలి. మన రాష్ట్రాల్లో 108కు ఫోన్ చేయాలి.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా తగలబడిపోయింది. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స) నిప్పు మనకు శత్రువని, పడుకునే ముందు దానిని ఆర్పివేయాలని ఆదేశించారు. సహీహ్ బుఖారీలో నమోదైన ఈ ఆదేశం ఇంటికి ఎంత వర్తిస్తుందో గుడారానికీ అంతే వర్తిస్తుంది.

ఆర్పడమంటే ఇసుక కప్పడం కాదు. ఇసుక కింద బొగ్గులు గంటల తరబడి కాలుతూనే ఉంటాయి. తెల్లవారి చెప్పులు లేకుండా పరుగెత్తే పిల్లల పాదాలు బొబ్బలెక్కుతాయి. నీళ్ళు పోయాలి, కర్రతో కలియబెట్టాలి, మళ్ళీ నీళ్ళు పోయాలి. ఆ పైన అరచేతి వెనుక వైపును బూడిదకు దగ్గరగా ఉంచి, వేడి తగలడం లేదని తెలుసుకున్నాకనే పడుకోవాలి. కాఫీకి నీరు కొలిచేటప్పుడే ఈ పనికి ఒక బకెట్ నీరు వేరుగా తీసి పెట్టుకోండి.