కింద నల్లగా కనిపిస్తే చాలా?

సాహిత్య క్లబ్బు పత్రికకి కారు గురించి రాస్తానంటే ఎడిటర్ అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రాయి, కానీ మాన్యువల్‌లా ఉంటే వెయ్యను" అంది. మాన్యువల్ రాసేంత నాకు రాదు కూడా. ఒక వేసవి సెలవుల్లో పద్దెనిమిది రోజులు కారు కింద పడుకున్నాను, అంతే. ఆ పద్దెనిమిది రోజుల్లో నాకొక అభిప్రాయం ఏర్పడింది. దాని మీద ఇంట్లో ఇప్పటికీ గొడవే. ఆ గొడవలోకి మిమ్మల్ని కూడా లాగుదామని రాస్తున్నాను.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఏటికొప్పాక. అడ్డరోడ్డు దగ్గర హైవే దిగి నర్సీపట్నం వైపు వెళ్తుంటే వస్తుంది, పక్కనే వరాహ నది. లక్క బొమ్మల ఊరంటే చాలామందికి తెలుస్తుంది. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు మాన్పించి చెట్ల రంగులవైపు పనివాళ్ళని మళ్ళించిన సీవీ రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మల సంగతి మళ్ళీ వస్తుంది, ముందు కారు.

తాతయ్యది 1999 మోడల్ మారుతి 800, తెల్లది. పదిహేనేళ్ళు నిండిన కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాలి కదా. మాది 2014లో ఒకసారి, 2019లో ఒకసారి అయింది, 2024లో మూడోసారి. 2022 ఏప్రిల్‌కి ముందు ఈ రెన్యువల్ ఫీజు 600 ఉండేది, తర్వాత 5,000 అయింది. తాతయ్య బాధ ఆ ఐదు వేల గురించి. నా బాధ బండి కింద వేలాడుతున్న నల్ల పెచ్చుల గురించి.

అండర్‌కోటింగ్ అంటే ఏంటో హాస్టల్లో సగం మందికి తెలీదు, నాకూ తెలీదు. కారు అడుగున రేకుకి నీళ్ళు, రాళ్ళు, బురద తగలకుండా కొట్టే మందపాటి నల్ల పూత. పాత రోజుల్లో ఎక్కువగా బిటుమెన్‌తో చేసేవాళ్ళు, అంటే రోడ్డు మీద పోసే తారుకి చుట్టం. తాతయ్య దాన్ని తారు అనే అంటాడు. మెకానిక్‌లు కోటింగ్ అంటారు. నేను ఇక్కడ పూత అంటాను, నాకు ఆ మాట నచ్చింది.

రెన్యువల్‌కి ముందు బండి చూపించడానికి ఒక షెడ్డుకి తీసుకెళ్ళాం. పేరు చెప్పను. ఆయన కిందికి వంగి టార్చి వేసి చూసి, "దీనికేం లేదు బాబూ, పైనుంచి ఇంకో కోటు కొట్టేద్దాం. నల్లగా కనిపిస్తే చాలు, పాసైపోద్ది" అన్నాడు. గంట పని, పదిహేను వందలు. తాతయ్య మొహం వెలిగిపోయింది. నేను మాత్రం అక్కడే చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పిడితో ఆ పూత మీద టకటకా కొట్టుకుంటూ పోయాను, ఊరికే, ఏదో ఆడుకుంటున్నట్టు. చాలా చోట్ల గట్టి చప్పుడే వచ్చింది. డ్రైవర్ సీటు కింద, డోరు అంచున మాత్రం డబడబా అని డొల్ల చప్పుడు. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో కాస్త నొక్కాను. లోపలికి దిగిపోయింది.

పూతలోకి కాదు, రేకులోకి. సీటు బెల్టు బోల్టుకి జానెడు దూరంలో.

బయటినుంచి చూస్తే ఆ చోటు మిగతా అంతటిలాగే నల్లగా, నున్నగా ఉంది. నాకు అసలు భయం వేసింది అందుకే. మారుతి 800కి లారీలకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. ఆ పల్చటి రేకులు, వాటిని మడిచి చేసిన పెట్టెలే బండికి ఎముకలు. అడుగున రేకు పోయిందంటే అందం పోవడం కాదు, ఎముక పోవడం. ఆ సీట్లో కూర్చునేది మా తాతయ్య. పక్క సీట్లో అమ్మమ్మ.

ఎలా జరుగుతుందంటే, బిటుమెన్ పూత ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోయి గట్టిపడుతుంది. మొదట్లో రబ్బరులా సాగేది కాస్తా పెంకులా తయారవుతుంది. బండి ఊగుతుంది, రేకు వంగుతుంది, పెంకు వంగదు, బీట ఇస్తుంది. ఆ బీటలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. బయటికి మాత్రం రావు. అక్కడ మొదలైన తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పూతని ఇంకా పైకి ఎత్తుతుంది, ఆ ఖాళీలోకి ఇంకా నీళ్ళు. అంటే రేకుని కాపాడడానికి వేసిందే తడిగుడ్డ చుట్టినట్టు అయిపోతుంది. మా బండికి ఇంకో ముచ్చట కూడా ఉంది. డోర్ల కింద ఉండే పెట్టెలకి నీళ్ళు కారిపోవడానికి కంపెనీయే చిన్న చిన్న రంధ్రాలు పెడుతుంది. ఎప్పుడో ఎవరో పూత కొట్టినప్పుడు అవన్నీ మూసేశారు. ఎడమవైపు ఒక రంధ్రం మేకుతో తెరిచాను. ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో, ఎర్రటి నీళ్ళు నా మోచేతి మీదుగా కారాయి. ఈ ఒక్క పనికి మాత్రం ఆ ఎవరో నాకు కనిపిస్తే అడగాలని ఉంది.

కాబట్టి నా మొదటి వాదన: పాత పూత మీద కొత్త పూత వేయకండి. మీ ఇంట్లో పాత కారుంటే, ఎవరైనా "పైనుంచి ఒక కోటు" అంటే ముందు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి. కొత్త కారు కొన్నా సరే, షోరూంలో యాంటీ రస్ట్ ప్యాకేజీ అంటగట్టేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి, నీళ్ళు కారే రంధ్రాలు మూయకుండా కొడతారా అని. జవాబు చెప్పలేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఇప్పటి కార్ల బాడీని ఫ్యాక్టరీలోనే ప్రైమర్ తొట్టెలో ముంచి, కరెంటు పెట్టి మూలమూలకీ పట్టిస్తారు. దాని మీద గుడ్డిగా కొట్టే నలుపు కంటే అది చాలా నయం.

దీన్ని చదివి "అయితే అంతా గీకెయ్యాలి" అని మీరనుకుంటే, నేనూ అదే అనుకున్నాను. యూట్యూబ్‌లో విదేశాల వాళ్ళు గ్యారేజీల్లో కారుని పక్కకి తిప్పేసి, అడుగంతా వెండిలా మెరిసేదాకా తీసేస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది. డ్రై ఐస్ పరిచి, పూత గడ్డకట్టి పెళుసుబారాక సుత్తితో తడితే పెంకులు పెంకులుగా రాలిపోతుంది. మనకి డ్రై ఐస్ ఎక్కడ? నర్సీపట్నంలో ఒక షాపులో అడిగితే ఐస్ ఫ్యాక్టరీకి దారి చూపించారు.

మన దగ్గర కుదిరేది హీట్ గన్, పెయింటర్లు లప్పం పెట్టే బద్ద. వేడి తగిలితే పూత మెత్తబడుతుంది, బద్దతో తోస్తే చుట్టలుగా వస్తుంది. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు, అప్పుడు ఆపాలి. ముందే లోపలి సీట్లు, మ్యాట్లు తీసేశాం, పైన నిప్పంటుకుంటే దిక్కెవరు? పెట్రోల్ ట్యాంకు దగ్గర, బ్రేకు పైపుల దగ్గర హీట్ గన్ జోలికి పోలేదు, ఉత్త బద్దే. పెట్రోల్‌తో తుడిస్తే తొందరగా పోద్దని ఒక బావ సలహా ఇచ్చాడు. కారు కింద పడుకుని మొహం మీద పెట్రోల్ గుడ్డ పెట్టుకుని, పక్కన కరెంటు మిషను. వద్దు బావా అన్నాను. గ్రైండర్‌కి వైరు బ్రష్ పెట్టి కూడా చూశాను. పూత రాలేదు సరికదా, వేడికి కరిగి నలుపులా పులుముకుంది, వైరు ముక్క ఒకటి కళ్ళద్దానికి తగిలింది. అద్దం లేకపోతే ఈ వ్యాసం ఎవరికైనా చెప్పి రాయించాల్సి వచ్చేది. ఇంకొకటి, బండి కింద జాకీ ఒక్కటే పెట్టి దూరకండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. మేం స్టాండ్లు అద్దెకి తెచ్చాం, వాటి పక్కన దుంగలు కూడా పెట్టాం. ఇటుకలు పనికిరావు, పగిలితే ఒక్కసారే పగులుతాయి.

ఇంత జాగ్రత్త పడిన పెద్దమనిషి చేసిన తప్పు ఇప్పుడు చెప్తాను. పదో రోజుకి ఎడమవైపు అంతా గీకేశాను, గట్టిగా అంటుకుని ఉన్నదాన్ని కూడా. వీడియోలో లాగా మెరవాలి కదా మరి. సాయంత్రం చూసుకుంటే ఎంత గర్వమో! ఫొటోలు తీసి మన గ్రూప్‌లో పెట్టాను, మీలో కొందరు లైకులు కూడా కొట్టారు. ప్రైమర్ రేపు కొడదాంలే అని పడుకున్నాను. రాత్రి వాన. జూన్ రెండోవారం, పక్కనే ఏరు, సముద్రం కూడా ఎక్కువ దూరం కాదు. బండి మీద పట్టా కప్పే ఉంది, ఒక్క చుక్క నేరుగా పడలేదు. పొద్దున్నే చూస్తే నా వెండి రేకంతా నారింజ రంగు. పాతికేళ్ళుగా పూత కింద శుభ్రంగా ఉన్న రేకుకి ఒక్క రాత్రిలో నేను తుప్పు పట్టించాను.

పక్కింట్లో బొమ్మలు చేసే బాబాయ్ వచ్చి చూసి చాలాసేపు నవ్వాడు. తర్వాత అడిగాడు, "గట్టిగా ఉన్నదాన్ని ఎందుకు పీకీసేవురా?" నా దగ్గర జవాబు లేదు. వాళ్ళ పనిలో అంకుడు కర్రని తెచ్చి ముందు బాగా ఆరబెడతారు. తర్వాతే లేతు మీద ఎక్కించి తిప్పుతూ, లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలాకుతో రుద్దితే మెరుపొస్తుంది. "ఆరని కర్రకి లక్క పట్టిస్తే ఏటవుద్ది?" అని ఆయనే అడిగి ఆయనే చెప్పాడు, "పైకి బాగానే ఉంటాది. నెల తిరక్కుండా పగులుద్ది." ఆయన కారు గురించి మాట్లాడుతున్నాడో బొమ్మ గురించి మాట్లాడుతున్నాడో నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు.

అక్కడినుంచి పద్ధతి మార్చాను. కుడివైపు కొట్టి విని, డొల్లగా పలికిన చోట మాత్రమే తీశాను. అంచులు చుట్టూ గట్టి పూత తగిలేదాకా, అంతవరకే. ఒక పూటలో ఎంత తీయగలనో అంతే తీసి, ఆ పూటే తుప్పు బ్రష్ చేసి, డీజిల్ గుడ్డతో మిగిలిన జిడ్డు తుడిచి, ఆ డీజిల్ జిడ్డు పోయేలా థిన్నర్‌తో మళ్ళీ తుడిచి, చీకటి పడేలోపు ఎపాక్సీ ప్రైమర్. గేట్లకి కొట్టే రెడ్ ఆక్సైడ్ చాలు కదా అన్నారు ఇంట్లో. గేటు మీద మనం కూర్చుని హైవే ఎక్కం అన్నాను, కొంచెం ఎక్కువ మాట్లాడాను అనుకోండి. కుడివైపు నాలుగు రోజుల్లో అయింది. ఎడమవైపు నేను చేసిన తుప్పు నేనే తీసుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

కంప్యూటర్ సైన్స్ వాడిని కాబట్టి ఒక్క పోలిక ఒప్పుకోండి. పాత కోడ్ చూడగానే మొత్తం చెరిపేసి కొత్తగా రాద్దాం అనిపించే ఫస్టియర్ రోగం ఉంది చూశారా, ఎడమవైపు అదే. పని చేస్తున్నదాన్ని ముట్టుకోకుండా పైన ఇంకో పొర వేసి డెమో ఇచ్చేయడం షెడ్డాయన పద్ధతి. రెండింటిలో ఏది ఎక్కువ తప్పు అంటే, నేను షెడ్డాయనదే అంటాను. నా తప్పు మర్నాడే కళ్ళకి కనిపించింది.

తాతయ్య వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. "ఆ చిల్లుకి టింకర్ షాపులో రేకు ముక్క వేసి వెల్డింగ్ చేయించాం, ఏడు వేలు. ప్రైమర్లు, కోటింగు, స్టాండ్ల అద్దె ఇంకో నాలుగు వేలు. నీ సెలవులు మొత్తం. పదిహేను వందలతో అయ్యేది" అంటాడు. మావయ్య ఇంకో అడుగు ముందుకేసి, అసలు స్క్రాప్‌కి ఇచ్చేయాల్సింది అంటాడు. మావయ్య మాటలో సగం నిజముంది. సీటు బెల్టు దగ్గర రేకు మొత్తం పోయి, డోరు కింద పెట్టె కూడా నలిగిపోయి ఉంటే నేనే ఇచ్చేయమనేవాడిని, ఏ పూతా దాన్ని నిలబెట్టదు. కానీ ఇవ్వాలో ఉంచాలో తేల్చుకోవాలన్నా ముందు అది తీసి చూడాలి కదా? పదిహేను వందలు పెట్టి తాతయ్య కొనుక్కునేది ఏంటంటే, ఇంకో ఐదేళ్ళు ఏమీ తెలియకుండా ఉండడం. బండి పాసయ్యేది, నాకు ఆ అనుమానం లేదు. పాసవడం ఒకటి, అమ్మమ్మని ఎక్కించుకుని అనకాపల్లి వెళ్ళిరావడం ఒకటి.

అనుకోనిది ఇంకోటి మిగిలింది. గీకిన చెత్త. రెండు గోనె సంచులు నిండా నల్ల పెచ్చులు, తుప్పు, ప్రైమర్ గుడ్డలు. పాత పూతల్లో కొన్నిటిలో ఆస్బెస్టాస్ పీచు కూడా కలిపేవాళ్ళని తర్వాత చదివాను. మా బండికి కొట్టిన దాంట్లో ఏముందో డబ్బా మీద చూసినవాళ్ళు ఎవరూ లేరు, అందుకే పొడిగా రుద్దకుండా తడిపి గీకడం, మంచి మాస్కు పెట్టుకోవడం మొదటిరోజు నుంచే చేయాల్సింది. నేను నాలుగోరోజు మొదలుపెట్టాను. సంచులు ఏటిగట్టున పారేయమన్నారు, అందరూ అక్కడే పారేస్తారట. కాల్చేయమన్నారు ఇంకొకళ్ళు. బొమ్మలకి వేసే రంగులో విషం ఉండకూడదని ఒక ఊరు చెట్ల రంగులకి మారింది, ఆ ఊరి ఏట్లో నేను తారు పొయ్యాలా? ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలకైతే పరవాడ వైపు పద్ధతి ఒకటుంది. ఇంట్లో కారు గీక్కున్నవాడి రెండు సంచులకి మాత్రం పంచాయతీలో అడిగినా, అడ్డరోడ్డులో అడిగినా అందరూ చేతులు చూపించింది ఏటి వైపే.

ఆ సంచులు ఇప్పటికీ అమ్మమ్మ వాళ్ళ పశువుల శాలలో, మూతి కట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి ఉన్నాయి. పండక్కి వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ అడుగుతుంది, "ఆ గోనెలు ఎప్పుడు తీస్తావురా?" అని. మన కెమికల్ డిపార్ట్‌మెంట్ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నిజంగా అడుగుతున్నాను, వాటిని ఏం చెయ్యమంటారు?